యూరో ట్రక్‌లో ఏ గేర్‌బాక్స్ వేయాలి? ఎక్కుడు కాదు, దిగుడు చూసి తేల్చుకోండి

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ గేమ్‌లో చేతిలో కాస్త డబ్బు ఆడగానే అందరూ చేసే పని ఒకటే. వర్క్‌షాప్‌కి పోయి ముందు పెద్ద ఇంజన్ బిగిస్తారు, తర్వాత గేర్‌బాక్స్‌ల పేజీ తెరిచి దేనికి గేర్లు ఎక్కువ ఉన్నాయో చూసి అది కొనేస్తారు. 12 కంటే 14 మేలు, 14 కంటే 16 మేలు, ఇదీ లెక్క. ఈ లెక్క తప్పు. నా మాట మొదట్లోనే చెప్పేస్తా: ముందు చూడాల్సింది రిటార్డర్ (బ్రేకులు వాడకుండానే బండిని నిదానింపజేసే భాగం) ఉందా లేదా అని, తర్వాత డిఫరెన్షియల్ రేషియో (వెనక యాక్సిల్ గేరు అంకె) ఎంత అని, ఆ రెండూ తేలాకే గేర్లు ఎన్ని అన్నది. ఎందుకు ఈ వరుస అనేదే ఇక్కడ రాస్తున్నా.

కడప చుట్టుపక్కల వాళ్ళకి ఇది పెద్దగా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఎన్‌హెచ్ 40 మీద రాయచోటి వైపు నుంచి కడపకి వచ్చే ప్రతి లోడు బండీ గువ్వలచెరువు ఘాట్ దిగాల్సిందే, అక్కడ జరిగే ప్రమాదాల గురించి పేపర్లో చదవని వాళ్ళు మన దగ్గర ఉండరు. ఆ ఊరి పాలకోవా అంగళ్ళ దగ్గర బండి ఆపి టీ తాగే పాత డ్రైవర్లని ఎవరినైనా కదిలించండి, హార్స్‌పవర్ గురించి మాట్లాడరు, ఏ గేర్లో ఎక్కుతావో అదే గేర్లో దిగు అంటారు. ఎక్కేటప్పుడు ఇంజన్ చాలకపోతే బండి నిదానిస్తుంది, వెనకోళ్ళు హారన్ కొడతారు, అంతకుమించి ఏమీ కాదు. దిగేటప్పుడు గేరు తప్పినా, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టినా బరువంతా బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ములు కాలతాయి, ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

గేమ్‌లో ప్రాణం పోదు కానీ సూత్రం అదే. సెట్టింగ్స్‌లో రియలిస్టిక్ ఎయిర్ బ్రేక్ ఆన్ చేసుకుని ఆల్ప్స్ వైపో నార్వే కొండల్లోనో ఒక బరువైన ట్రైలర్‌తో దిగి చూడండి. బ్రేక్ తొక్కి వదులుతూ తొక్కి వదులుతూ పోతే డాష్‌బోర్డ్ మీద గాలి ముల్లు మెల్లగా పడిపోతుంది, బాగా పడ్డాక చక్రాలు పట్టేసి బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. 16 గేర్లు ఉన్నా ఆ సమయంలో పనికిరావు, రిటార్డర్ పనికొస్తుంది.

ముందు రెండు ప్రశ్నల్ని విడదీయండి

ఏ ట్రాన్స్‌మిషన్ మంచిది అని అడిగేవాళ్ళలో సగం మంది రెండు వేర్వేరు సంగతుల్ని కలిపి అడుగుతారు. ఒకటి సెట్టింగ్స్‌లో ఉండేది: సింపుల్ ఆటోమేటిక్, రియల్ ఆటోమేటిక్, సీక్వెన్షియల్, హెచ్ షిఫ్టర్ (అసలు లారీలో లాంటి గేర్ లివర్). ఇది మీ టేబుల్ మీద ఏముంది, కీబోర్డా, గేమ్‌ప్యాడా, స్టీరింగా అన్నదాన్ని బట్టి తేలుతుంది. రెండోది వర్క్‌షాప్‌లో డబ్బు పెట్టి కొనే గేర్‌బాక్స్. ఇది మీరు లాగే లోడు, తిరిగే రోడ్డు బట్టి తేలుతుంది. స్కానియా 12 గేర్ల బాక్స్ కొన్నా దాన్ని సింపుల్ ఆటోమేటిక్‌లోనూ నడపొచ్చు, హెచ్ షిఫ్టర్‌తోనూ నడపొచ్చు. అసలు బండ్లలో ఆప్టిక్రూజ్, ఐ-షిఫ్ట్ లాంటివి క్లచ్, గేర్లు తామే చూసుకునే ఆటోమేటెడ్ మాన్యువల్స్, కానీ గేమ్ మిమ్మల్ని అడ్డుకోదు.

సెట్టింగ్స్ సంగతి ముందు ముగిద్దాం. సింపుల్ ఆటోమేటిక్ అంటే కీబోర్డ్‌లో ఎస్ కీ నొక్కితే బ్రేక్, బండి ఆగాక ఇంకా నొక్కి పట్టుకుంటే రివర్స్. మొదటి రోజుల్లో ఇది చాలు. ట్రైలర్ని డాక్‌లో పెట్టడం నేర్చుకునే దశలో మాత్రం ఇదే విసిగిస్తుంది, ఎందుకంటే ఆగుదామని బ్రేక్ పట్టుకుంటే బండి ఎదురు దిక్కుకి కదులుతుంది. రియల్ ఆటోమేటిక్‌లో డ్రైవ్, న్యూట్రల్, రివర్స్ మీరే మార్చాలి, బ్రేక్ అంటే బ్రేకే. ఒక్క కీ అదనంగా నొక్కాలి గానీ పార్కింగ్ టెన్షన్ సగం తగ్గుతుంది. ఆటోమేటిక్ వాడేవాళ్ళందరికీ నా సలహా రియల్ ఆటోమేటికే. దానికి తోడు అడాప్టివ్ ట్రాన్స్‌మిషన్‌లో ఎకానమీ, బ్యాలెన్స్‌డ్, పవర్ అని ఎంచుకునే వీలుంది. చదును రోడ్డులో ఎకానమీ బాగుంటుంది, కొండల్లో అదే పెడితే గేరు తగ్గించడానికి ఆలస్యం చేసి ఇంజన్‌ని ముక్కిస్తుంది, కాబట్టి అక్కడ పవర్‌కి మార్చుకోండి.

సీక్వెన్షియల్‌కి రావాల్సినంత పేరు రాలేదు. లెఫ్ట్ షిఫ్ట్ నొక్కితే గేరు పైకి, లెఫ్ట్ కంట్రోల్ నొక్కితే కిందికి, క్లచ్ సంగతి గేమే చూసుకుంటుంది. కీబోర్డ్ మీదే, గేమ్‌ప్యాడ్ మీదే, పైసా ఖర్చు లేకుండా, ఏ గేర్లో దిగాలి అన్నది మీ చేతికి వస్తుంది. ఆటోమేటిక్‌కి ముందున్న దిగుడు కనపడదు, మీకు కనపడుతుంది. మలుపు దాటాక రోడ్డు కిందికి పోతోందని తెలిసి రెండు గేర్లు ముందే తగ్గించి పెట్టుకోవడం, గువ్వలచెరువు దిగే డ్రైవర్ చేసే పని అదే కదా, ఆ సుఖం సీక్వెన్షియల్‌లో పూర్తిగా దొరుకుతుంది. ఆటోమేటిక్ వదలలేని వాళ్ళకి మధ్యేమార్గం ఒకటుంది. కంట్రోల్స్‌లో షిఫ్ట్ అప్ హింట్, షిఫ్ట్ డౌన్ హింట్ అని ఉంటాయి, వాటికి కీలు పెట్టుకుంటే ఆటోమేటిక్‌లో ఉంటూనే గేరు తగ్గించమని చెప్పొచ్చు.

హెచ్ షిఫ్టర్ కొనాలా

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఖర్చయ్యేది గేమ్ డబ్బు కాదు. లాజిటెక్ జీ29 లాంటి స్టీరింగ్ సెట్‌కి మూడు పెడల్స్ వస్తాయి, గేర్ లివర్ మాత్రం విడిగా కొనాలి. లాజిటెక్ లివర్‌లో 6 ముందు గేర్లు, ఒక రివర్స్. మరి 12 గేర్లు, 16 గేర్లు దాంతో ఎలా వేస్తారు?

అసలు లారీలో కూడా లివర్‌కి 12 స్థానాలు ఉండవు. స్కానియా 12 గేర్ల బాక్స్ లోపల చూస్తే మెయిన్ బాక్స్‌లో ఉన్నవి 3 గేర్లే. దాని ముందు స్ప్లిటర్, ప్రతి గేరునీ లో, హై అని రెండు ముక్కలు చేస్తుంది, అప్పుడు 6. వెనక రేంజ్, ఆ ఆరింటినీ మళ్ళీ కింది వరుస, పై వరుస అని రెండింతలు చేస్తుంది, అప్పుడు 12. మెయిన్ బాక్స్‌లో 3కి బదులు 4 ఉంటే అదే లెక్కన 16, జెడ్‌ఎఫ్ 16 అంటే అదే. అమెరికన్ ఈటన్ ఫుల్లర్ 18లో లో గేరు స్ప్లిట్ అయి 2, మిగతా నాలుగు స్థానాలు రేంజ్‌తో 8, అవి స్ప్లిట్ అయి 16, మొత్తం 18. ఈటన్ 13లో స్ప్లిటర్ పై రేంజ్‌లో మాత్రమే పనిచేస్తుంది, అందుకే లో ఒకటి, కింద 4, పైన 8, కలిపి 13. ఈటన్ 10లో స్ప్లిటరే లేదు, 5 రెండుసార్లు.

అంటే లివర్ ఒక్కటే సరిపోదు, వేళ్ళకి అందేలా రెండు స్విచ్‌లు కావాలి, రేంజ్‌కి ఒకటి, స్ప్లిటర్‌కి ఒకటి. స్టీరింగ్ మీదున్న బటన్లకి వాటిని పెట్టుకోవచ్చు, పని జరుగుతుంది, కానీ మలుపులో స్టీరింగ్ తిరిగి ఉన్నప్పుడు బటన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. స్విచ్‌లు ఉన్న నాబ్‌లు విడిగా అమ్ముతారు, లివర్ మీద బిగించుకుని యూఎస్‌బీకి కలపడమే. ఎలక్ట్రానిక్స్ తెలిసిన స్నేహితుడు ఉంటే రెండు టాగుల్ స్విచ్‌లు, ఒక పాత గేమ్‌ప్యాడ్ బోర్డుతో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంకో సంగతి, గేమ్ సెట్టింగ్స్‌లో గేర్ లేఅవుట్ అని ఉంటుంది, అక్కడ మీరు వేసుకున్న బాక్స్‌కి సరిపోయేది ఎంచుకోకపోతే లివర్ మూడులో ఉంటే బండి ఇంకేదో గేర్లో ఉంటుంది. హెచ్ షిఫ్టర్ కొని నచ్చలేదని అమ్మేసిన వాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది ఇక్కడే, వస్తువులో లోపం కాదు.

నా అభిప్రాయం అడిగితే, స్టీరింగ్ ఉండి రోజూ ఆడేవాళ్ళు హెచ్ షిఫ్టర్ కొనండి, దాని ఆనందం వేరు, కాలు, చెయ్యి, చెవి మూడూ కలిసి పనిచేస్తాయి. స్టీరింగ్ లేకుండా లివర్ ఒక్కటే కొనడం మాత్రం వద్దు. క్లచ్ పెడల్ లేకపోతే దాని సగం రుచి పోతుంది, ఆ డబ్బుకి స్టీరింగ్ కొని దాని వెనకున్న ప్యాడిల్స్‌తో సీక్వెన్షియల్ ఆడటం మేలు. మన ఊళ్ళల్లో కనిపించే లారీల్లో ఎక్కువ భాగం 6 గేర్లవి, పెద్ద బండ్లలో 9 గేర్లు కూడా మామూలే. ఇంట్లో ఎవరైనా లారీ నడిపేవాళ్ళు ఉంటే వాళ్ళని ఒకసారి కూర్చోబెట్టండి, రేంజ్ స్విచ్ చూపించకుండానే అర్థం చేసుకుంటారు.

457 గుర్తుపెట్టుకోండి

ఇప్పుడు వర్క్‌షాప్. గేర్‌బాక్స్ ఎంపికలో ఎవరూ చదవని అంకె డిఫరెన్షియల్ రేషియో. వెనక యాక్సిల్‌లో పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుందన్నదే అది. 3.40 అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.40 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఈ గేమ్‌లో అది గేర్‌బాక్స్‌తో కలిసే వస్తుంది, అందుకే ఒకే పేరున్న బాక్స్ రెండు మూడు రకాలుగా కనపడవచ్చు.

లెక్క సులభం. మామూలు లారీ టైరు 315/80 ఆర్22.5 ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 3.28 మీటర్లు పోతుంది. గంటకి 90 కిలోమీటర్ల దగ్గర చక్రం నిమిషానికి సుమారు 457 చుట్లు తిరుగుతుంది. ఆ 457ని టాప్ గేరు రేషియోతో, డిఫరెన్షియల్ రేషియోతో గుణించండి, 90 దగ్గర మీ ఇంజన్ ఎంత ఆర్‌పీఎంలో (నిమిషానికి ఎన్ని చుట్లు) ఉంటుందో వచ్చేస్తుంది. 90నే ఎందుకు తీసుకున్నానంటే యూరప్‌లో లారీలకి స్పీడ్ లిమిటర్ అక్కడే, గేమ్‌లో కూడా లిమిటర్ ఆన్‌లో ఉంటే అంతకు మించి పోదు.

స్కానియా జీఆర్‌ఎస్905లో టాప్ గేరు 1.00, అంటే డైరెక్ట్. దానికి 2.59 డిఫరెన్షియల్ ఉంటే 457ని 2.59తో గుణిస్తే 1,184 ఆర్‌పీఎం. అదే బాక్స్ 3.08తో అయితే 1,408. 3.40తో అయితే 1,554, అంటే హైవే మీద పొద్దస్తమానం ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, డీజిల్ తాగుతూనే ఉంటుంది. కానీ జీఆర్‌ఎస్‌ఓ905 అని ఇంకో బాక్స్ ఉంది, పేరులో ఓ అక్షరం ఓవర్‌డ్రైవ్‌కి, అంటే ఇంజన్ కంటే షాఫ్ట్ వేగంగా తిరిగే టాప్ గేరుకి, గుర్తు, దాని టాప్ గేరు 0.80. దానికి 3.40 కలిస్తే 0.80 ఇంటూ 3.40, అంటే 2.72, 90 దగ్గర 1,243 ఆర్‌పీఎం. చూశారా, 3.40 అని చూసి ఇది హైవేకి పనికిరాదు అనుకోకూడదు, ఓవర్‌డ్రైవ్ అని చూసి ఇది స్పీడు బండి అనుకోకూడదు. రెండూ గుణించాకే మాట్లాడాలి.

ఇంజన్ సంగతి ఇక్కడ కలుస్తుంది. స్కానియా 730 వీ8 దాదాపు 1,000 ఆర్‌పీఎం దగ్గర్నుంచే తన పూర్తి 3,500 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, కాబట్టి 1,184 దగ్గర నడిపినా చిన్న ఎక్కుడులో గేరు తగ్గించే పని పడదు. అదే నాలుగు వందల హార్స్‌పవర్ లోపు ఇంజన్‌కి అంత పొడవాటి రేషియో పెడితే వంతెన ఎక్కినా గేరు మారుతుంది, దిగినా గేరు మారుతుంది. చిన్న ఇంజన్‌కి 90 దగ్గర 1,350 నుంచి 1,450 మధ్య వచ్చే కలయిక చూసుకోండి, పెద్ద ఇంజన్‌కి 1,150 నుంచి 1,250 మధ్య. అంకెలు దొరక్కపోతే బండి తీసుకుని చదును హైవే మీద క్రూయిజ్ కంట్రోల్ 90కి పెట్టి టాకోమీటర్ ముల్లు ఎక్కడ ఉందో చూడండి, అదే సమాధానం.

డిఫరెన్షియల్ ఎక్కువ రేషియో అయితే మొదటి గేర్లో బలం కూడా ఎక్కువే, ఆ సంగతి కింద 12+2 దగ్గర చెప్తా.

గేర్లు ఎన్ని కావాలి

నూటికి తొంభై లోడ్లకి 12 చాలు. ఈ గేమ్ మ్యాప్ 1:19 స్కేలులో ఉంటుంది, అంటే ఊళ్ళ బయట అసలు 19 కిలోమీటర్ల దూరం గేమ్‌లో ఒక కిలోమీటరుకి కుదించుకుపోతుంది. ఎక్కుడు వచ్చినా దిగుడు వచ్చినా త్వరగా అయిపోతాయి. అంత కొద్ది దూరంలో 16 గేర్లని ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే కొండ అయిపోయేసరికి మీరింకా గేర్లు మారుస్తూనే ఉంటారు. హెచ్ షిఫ్టర్ ఉన్నవాళ్ళకి 16 సరదాగా ఉంటుంది, అది వాళ్ళ ఇష్టం. సీక్వెన్షియల్‌లో ఆడేవాళ్ళకి 16 వద్దు, వేలు నొప్పి పుడుతుంది తప్ప లాభం లేదు.

12+2 వేరే సంగతి. ఆ రెండు అదనపు గేర్లు పైన కాదు, కింద ఉంటాయి, క్రాలర్ గేర్లు అంటారు. జీఆర్‌ఎస్905లో మామూలు మొదటి గేరు 11.32, మొదటి క్రాలర్ 16.41. 2.59 డిఫరెన్షియల్‌తో 1,000 ఆర్‌పీఎం దగ్గర మొదటి గేర్లో బండి గంటకి 6.7 కిలోమీటర్లు పోతుంది, క్రాలర్లో 4.6, అంటే మనిషి నడక. ఖాళీ బండికి ఈ తేడా లెక్కలోకే రాదు. ఈ గేమ్‌కి 2017లో వచ్చిన హెవీ కార్గో అనే అదనపు ప్యాక్‌లో 61 టన్నుల దాకా లోడ్లు ఉంటాయి, అలాంటిది వెనక కట్టుకుని ఎక్కుడులో సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదలాల్సి వస్తే, ఇంజన్ ఆగిపోకుండా బండి జరగడానికి ఆ క్రాలరే దిక్కు. వోల్వో 2016లో అసలు బండ్లకి తెచ్చిన క్రాలర్ గేర్ల ఐ-షిఫ్ట్ 325 టన్నుల దాకా నిలబడిన చోటు నుంచి కదిలించగలదని చెప్పింది, ఆ బాక్స్‌లో అతి తక్కువ గేరు 32:1. ఎక్కువ డిఫరెన్షియల్ రేషియో కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. క్రాలర్ లేకుండా 11.32కి 3.40 కలిస్తే మొత్తం 38.5, క్రాలర్‌తో 16.41కి 2.59 కలిస్తే 42.5. బలం క్రాలర్‌దే ఎక్కువ, పైగా హైవే మీద ఇంజన్ ప్రశాంతంగా ఉంటుంది, కాబట్టి బరువు లోడ్లు లాగేవాళ్ళు డిఫరెన్షియల్ పెంచుకోవడం కంటే 12+2కి వెళ్ళడం తెలివైన పని.

ఇక కొన్ని బండ్లకి దొరికే 6 గేర్ల ఆలిసన్ 4500. ఇది అసలైన ఆటోమేటిక్, క్లచ్‌కి బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది, గేరు మారేటప్పుడు లాగుడు తెగదు. మొదటి గేరు 4.70, చివరిది 0.67. ఎక్కుడులో గేరు మారిన ప్రతిసారీ బండి ఊగి స్పీడు పడిపోవడం నచ్చని వాళ్ళకి ఇది చాలా హాయిగా ఉంటుంది. గేర్ల మధ్య దూరం మాత్రం ఎక్కువ, దిగుడులో మీకు కావాల్సిన స్పీడుకి ఒక గేరు ఎక్కువవుతుంది, ఇంకోటి తక్కువవుతుంది, కాబట్టి ఇది తీసుకుంటే రిటార్డర్ ఉన్నదే తీసుకోవాలి. హెచ్ షిఫ్టర్ ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు.

రిటార్డర్ అంటే ఏం చేస్తుంది

పేరు చివర ఆర్ అక్షరం ఉన్నా, వివరాల్లో రిటార్డర్ అని రాసి ఉన్నా అదే. గేర్‌బాక్స్ వెనక నూనెలో తిరిగే రోటర్ ఒకటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పట్టి నిదానింపజేస్తుంది, బ్రేక్ లైనర్లు అరగవు, గాలి ఖర్చు కాదు. మన డ్రైవర్లకి అలవాటున్న ఎగ్జాస్ట్ బ్రేక్, ఇంజన్ బ్రేక్ వేరు. వాటి బలం ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందన్నదాని మీద ఆధారపడుతుంది, అంటే గేరు తగ్గించి ఆర్‌పీఎం పైకి లేపితేనే గట్టిగా పట్టుకుంటాయి. రిటార్డర్ బలం షాఫ్ట్ వేగం మీద ఉంటుంది, స్పీడులో బాగా పట్టుకుంటుంది, బండి బాగా నిదానించాక దాని పట్టు తగ్గిపోతుంది. అందుకే పొడవాటి దిగుడులో రెండూ కలిపి వాడాలి. 80 దాకా రిటార్డర్‌తో దించి, అక్కడ గేరు తగ్గించి, ఇంజన్ బ్రేక్ వేసి వదిలేస్తే కాలు బ్రేక్ మీద పెట్టకుండానే కింద దాకా వచ్చేయొచ్చు.

రిటార్డర్‌కి మెట్లు ఉంటాయి. ఒక్కసారిగా చివరి మెట్టుకి నొక్కేయకండి, వాన పడుతున్నప్పుడు, వెనక ట్రైలర్ ఖాళీగా ఉన్నప్పుడు అలా చేస్తే డ్రైవ్ చక్రాలు జారి ట్రైలర్ పక్కకి తిరగొచ్చు. ఒక మెట్టు, ముల్లు చూడటం, ఇంకో మెట్టు. స్టీరింగ్ ఉన్నవాళ్ళు దీన్ని పక్కనున్న కాడకో, దగ్గరి బటన్‌కో పెట్టుకుంటే చేయి తీయకుండా పనవుతుంది.

రిటార్డర్ ఉన్న బాక్స్‌కి ఎక్కువ డబ్బు పడుతుంది, కొన్ని లెవెల్ పెరిగాక గానీ తెరుచుకోవు. అప్పటిదాకా మామూలు 12తో సర్దుకోండి, తెరుచుకోగానే ఇంజన్ కంటే ముందు దానికే డబ్బు పెట్టండి.

అమెరికన్ ట్రక్ ఆడేవాళ్ళకి

అదే స్టూడియో, చెక్ వాళ్ళ ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్, 2016లో తెచ్చిన అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్‌లో నేను పైన చెప్పిన వరుస కాస్త మారుతుంది. అక్కడి బండ్లకి రిటార్డర్ కంటే ఇంజన్ బ్రేకే ప్రధానం, 1961 నుంచి జేకబ్స్ వాళ్ళది వాడకంలో ఉంది, అందుకే దాన్ని జేక్ బ్రేక్ అంటారు. ఇంజన్ బ్రేక్ ఆర్‌పీఎంని బట్టి పట్టుకుంటుంది కాబట్టి ఆర్‌పీఎంని మీకు కావాల్సిన చోట నిలబెట్టే దగ్గర దగ్గర గేర్లు ఉండటం అక్కడ నిజంగా ఉపయోగం. కొలరాడోలో ఐ-70 మీద రాకీ కొండలు దిగేటప్పుడు ఈటన్ 10తో ఒక గేర్లో ఇంజన్ గొంతు చించుకుంటుంది, పై గేర్లో బండి జారిపోతుంది, 18తో అయితే సగం గేరు తగ్గించి సరిగ్గా మధ్యలో ఆపుకోవచ్చు. యూరప్‌లో గేర్ల సంఖ్యకి చివరి చోటు ఇచ్చాను, అమెరికాలో దానికే మొదటి చోటు, కారణం మాత్రం రెండు చోట్లా దిగుడే.

రేషియో లెక్క అక్కడా పనిచేస్తుంది. 18 గేర్ల ఈటన్ టాప్ 0.73, దానికి 3.70 డిఫరెన్షియల్ అంటే 2.70. అక్కడ లిమిట్లు ఎక్కువ, గంటకి 105 కిలోమీటర్ల దగ్గర సుమారు 1,450 ఆర్‌పీఎం వస్తుంది, లోడు బండికి అది బాగుంటుంది. ఖాళీగానో తేలిక లోడ్లతోనో ఎక్కువ దూరాలు తిరిగేవాళ్ళు ఇంకా తక్కువ రేషియో చూసుకోండి. స్ప్లిటర్ స్విచ్ లేని హెచ్ షిఫ్టర్ వాళ్ళకి 10 సరిపోతుంది, రేంజ్ ఒక్కటి బటన్‌కి పెట్టుకుంటే చాలు. 13 మధ్యరకం, తేలిక లోడ్లకి మంచిదే.

స్నోరన్నర్ అనే ఇంకో లారీ గేమ్ ఆడేవాళ్ళు ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. అక్కడ బురదే ప్రధానం, హైవే గేర్‌బాక్స్ వద్దు, లో ప్లస్, లో మైనస్ గేర్లు ఉన్న ఫైన్ ట్యూన్ గేర్‌బాక్స్ దొరికితే అది వేసుకోండి.

మరి ఎవరికి ఏది

కీబోర్డ్‌తో కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు రియల్ ఆటోమేటిక్ పెట్టుకుని, బండితో వచ్చిన 12 గేర్లతోనే నడపండి, ఇంజన్ మార్చకండి, మొదటి పెద్ద ఖర్చు రిటార్డర్ బాక్స్ అవ్వనివ్వండి. గేమ్ అలవాటయ్యాక అదే కీబోర్డ్‌తో సీక్వెన్షియల్‌కి మారండి, మొదట్లో ఊళ్ళల్లో గేర్లు తడబడినా హైవే మీద కుదురుకుంటుంది. రెఫ్రిజిరేటర్ లోడ్లు, ఫర్నిచర్ లాంటి తేలిక సరుకుతో జర్మనీ, ఫ్రాన్స్ చదును రోడ్లలో ఎక్కువ తిరిగేవాళ్ళకి 90 దగ్గర 1,200 చుట్టూ వచ్చే కలయిక మంచిది, అది డైరెక్ట్ అయినా ఓవర్‌డ్రైవ్ అయినా తేడా లేదు. స్టీరింగ్, లివర్, రెండు స్విచ్‌లూ ఉన్నవాళ్ళు స్కానియా 12+2 లేఅవుట్‌తో మొదలుపెట్టండి, జెడ్‌ఎఫ్ 16 కంటే చేతికి త్వరగా అలవాటవుతుంది.

హెవీ కార్గో, స్పెషల్ ట్రాన్స్‌పోర్ట్ లాంటి బరువు లోడ్లకి మాత్రం రెండో మాట లేదు, రిటార్డర్ ఉన్న 12+2, దొరికిన వాటిలో పెద్ద ఇంజన్, 3.08 దగ్గర్లో డిఫరెన్షియల్. కదిలేటప్పుడు క్రాలర్‌లో మొదలుపెట్టండి, చక్రాలు తిరిగాక రెండు గేర్లు ఒకేసారి వేయండి. ముందు దిగుడు ఉందని మ్యాప్‌లో కనపడగానే, ఇంకా చదునులో ఉండగానే స్పీడు 50కి తెచ్చి, ఇంజన్ 1,700 దగ్గర నిలిచే గేరు వేసి, రిటార్డర్ రెండో మెట్టులో పెట్టి దిగండి.